మార్కుల్లేని పరీక్ష

ఆ వేసవి సెలవుల్లో మేం భోజనాల బల్ల దగ్గర భోజనం చేయలేదు. బల్ల నిండా అమ్మ కాగితాలు పరుచుకుంది. కాగితానికి కాగితం అతికించి, దుప్పటంత చేసి, స్కేలు పెట్టి గళ్ళు గీసింది. పైన వారాలు, పక్కన తరగతులు. ఎనిమిది, తొమ్మిది, పది. మేం ముగ్గురం కంచాలు పట్టుకుని నేల మీద కూర్చుని తినేవాళ్ళం. నాన్న పూటపూటా ఒకే మాట అనేవాడు, లెక్కల టీచర్ని చేసుకుంటే సంసారం లెక్కగా సాగుతుందని మా వాళ్ళన్నారు, కంచం పెట్టుకోవడానికి బల్లయినా మిగల్లేదు అని. అమ్మ తలెత్తకుండానే నవ్వేది. మా ఇంట్లో ఆ నవ్వు వినపడిన ఆఖరి రోజులు అవే కాబట్టి ముందుగా అవి చెబుతున్నాను.

అమ్మ ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేది. నాన్న అదే బడికి వైస్ ప్రిన్సిపాల్. నేను అదే బడిలో పదో తరగతిలోకి వస్తున్నాను. ఇంట్లో ఆ ఇద్దరే, బడిలోనూ ఆ ఇద్దరే. దగ్గొచ్చినా ఒకచోట కాకపోతే ఇంకోచోట తెలిసిపోయేది.

అంతకు ముందు ఏడాది పదో తరగతి ఫలితాలు మా బడి పరువు తీశాయి. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కి లెక్కల్లో మునిగిన పిల్లలు బోలెడంత మంది. దానికి తోడు పక్క వీధిలో కొత్త బడి తెరిచారు, దాని గోడ మీద ర్యాంకుల ఫొటోలు మనిషెత్తున వేలాడదీశారు. పాత ప్రిన్సిపాల్ చెప్పాపెట్టకుండా మానేసి వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. నాన్న దాని పక్క కుర్చీలో కూర్చుని దాని పనంతా చేస్తున్నాడు. బడి యజమానిని అందరూ పెద్దసారు అంటారు. ఆ కుర్చీ సంగతి ఈ ఏడాది ఫలితాలు చూశాక మాట్లాడుకుందాం అని ఆయన నాన్నతో అన్నాడట.

నాన్న ఆ మాట ఇంటికొచ్చి చెప్పాడు. అమ్మ, "ఒక్క ఏడాది నా చేతికి ఇప్పించండి. సిలబస్ ఏ వరసలో చెప్పాలో, పరీక్ష ఎప్పుడు ఏది పెట్టాలో అంతా నేనే వేస్తాను. ఎవరూ మధ్యలో వేలు పెట్టకూడదు" అంది.

"ఇప్పిస్తా. కానీ పదో క్లాసులో అంతమంది పడిపోతుంటే ఏడాదిలో ఏం చేస్తావు?"

"వాళ్ళు పదిలో పడలేదండీ. ఆరులోనే పడ్డారు. పదిలో చప్పుడు వినపడింది, అంతే."

అలా మొదలైంది ఆ దుప్పటి పని. అమ్మ దగ్గర పాఠ్యపుస్తకం ఉండేది కానీ దాని వరస ఆవిడకు గిట్టేది కాదు. నిష్పత్తి గట్టిగా రానివాడికి సైన్ తీటా చెబితే చెవిలో మంత్రం ఊదినట్టే, వాడు జపం చేస్తాడు తప్ప లెక్క చేయడు అనేది. అందుకని త్రికోణమితిని వెనక్కి జరిపి, దాని ముందు సరూప త్రిభుజాలు, వాటి ముందు నిష్పత్తి, అన్నిటికంటే ముందు భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు పెట్టింది. పదో తరగతికి మొదటి మూడు వారాలు పుస్తకం తెరవడమే లేదు. గట్టి పాఠం పక్కన తేలికది వచ్చేలా, బీజగణితంతో అలిసిపోయిన వారం తర్వాత సాంఖ్యక శాస్త్రం వచ్చేలా చూసుకుంది. ఆటల పోటీలు ఎప్పుడు, సైన్సు ప్రదర్శన ఎప్పుడు, ఏ నెలలో పిల్లలు జ్వరాలతో మానేస్తారు అని నాన్నని అడిగి గళ్ళు దిద్దేది. నాన్న కుర్చీ వెనక నిలబడి వేలితో చూపిస్తూ చెప్పేవాడు. ఒకసారి ఆయన చెయ్యి అమ్మ భుజం మీద ఉండటం చూసి నేను గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పరీక్షల దగ్గర మాత్రం ఇద్దరికీ పడేది కాదు. రెండు వారాలకొక చిన్న పరీక్ష, సగం కొత్త పాఠంలోంచి, సగం పాత పాఠాల్లోంచి. దిద్దిన కాగితం మూడు రోజుల్లో పిల్లల చేతికి రావాలి. ర్యాంకులుండవు. నాన్న తల పట్టుకున్నాడు. ర్యాంకు లేకపోతే తల్లిదండ్రులకు ఏం చెప్పుకుంటాం అన్నాడు. మీ పిల్లకు ఇది వచ్చు, ఇది రాదు అని చెబుదాం, అది ర్యాంకు కంటే పెద్ద కబురే కదా అంది అమ్మ. నీతో వాదించడం గోడకు తల బాదుకోవడమే అని నాన్న లేచి వెళ్ళాడు కానీ, కాసేపట్లోనే ఇద్దరికీ టీ కలిపి పట్టుకొచ్చాడు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు అమ్మ కష్టపడింది బడి తెరిచిన మొదటి వారంలో పెట్టే పరీక్ష కోసం. అందులో ప్రతి ప్రశ్నా వల లాంటిది. జవాబు తప్పైతే ఎందుకు తప్పైందో ఆ తప్పే చెప్పాలి. నన్ను కూర్చోబెట్టి 0.35, 0.4లలో ఏది పెద్దది అని అడిగింది. ముప్ఫై అయిదు పెద్దది కదా, అదేం ప్రశ్న అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ముఖం పారేసుకున్న గాజు దొరికినట్టు వెలిగిపోయింది. "చూశారా! దీనికి చుక్క కనపడటం లేదు. చుక్క తర్వాత ఉన్నదంతా మామూలు అంకెలాగే చదివేస్తోంది" అని నాన్నని పిలిచింది. ఆయన వచ్చి నా తల మీద మొట్టబోతే, ఆయన్నీ ఒక ప్రశ్న అడిగింది. ఒక వస్తువు ధర ఇరవై శాతం పెంచి, పెంచినదాన్ని మళ్ళీ ఇరవై శాతం తగ్గిస్తే ఏమవుతుంది? భౌతికశాస్త్రం చెప్పే నాన్న ఆలోచించకుండా మొదటికే వస్తుందన్నాడు. నూరు నూట ఇరవై అయి, తొంభై ఆరుకు దిగడం అమ్మ వేసి చూపించాక, మా ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరన్నమాట అని ఆయనే నవ్వాడు.

బడి తెరిచారు. మా క్లాసులో అమ్మ ఆ పరీక్ష కాగితాలు పంచిన రోజు నాకు బాగా గుర్తు. కిటికీ పక్క బెంచీలో నేనూ, నా పక్కన పిచ్చుకా. అది అసలు పేరు కాదు. బక్కగా ఉంటుంది, ఒకచోట కుదురుగా కూర్చోదు, నోరు మూతపడదు. టీచర్లు కూడా పిచ్చుకా అనే పిలిచేవాళ్ళు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న లారీ మీద దూరాలు పోతుంటాడు, ఇంట్లో చిన్న తమ్ముడు.

అమ్మ బల్లకు ఆనుకుని నిలబడి చెప్పింది. "దీనికి మార్కుల్లేవు. ర్యాంకుల్లేవు. రానిదాన్ని ఖాళీగా వదిలెయ్యకండి. ఎందుకు రాలేదో రాయండి. ఏ క్లాసులో చెయ్యి జారిపోయిందో గుర్తుంటే అదీ రాయండి. డాక్టరు దగ్గర నొప్పి దాచుకుంటే నష్టం ఎవరికి?"

పిచ్చుక చెయ్యెత్తింది. "నిజమే రాయాలా టీచర్?"

"నిజమే రాయి."

నేను కొన్ని చేశాను, కొన్ని ఊహించి రాశాను, తెలియనివాటి దగ్గర పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాను. పిచ్చుక మాత్రం తల వంచి రాస్తూనే ఉంది. రెండో కాగితం అడిగి తీసుకుంది. పక్కనుంచి చూశాను. లెక్కలు కావు, మాటలు. 'ఆరో క్లాసులో మా అమ్మకు వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. పగలు ఆమె నిద్రపోతే తమ్ముణ్ణి చూసుకోవడానికి నేను బడి మానేసేదాన్ని. అప్పుడే భిన్నాలు చెప్పేశారు. తర్వాత అడిగితే అందరూ నవ్వుతారని అడగలేదు. కింద అంకెలు వేరుగా ఉంటే ఎలా కూడాలో నాకు ఇప్పటికీ తెలియదు. పక్కవాళ్ళది చూసి వేస్తాను.' కింద ఒక గీత గీసి, సారీ టీచర్ అని కూడా రాసింది.

అమ్మ ఆ కాగితాలను ఇంటికి తెచ్చి మంచం మీద గుట్టలు పోసింది. మార్కులనుబట్టి కాదు, తప్పులనుబట్టి. ఇది చుక్క కనపడనివాళ్ళ గుట్ట, ఇది మైనస్ అంటే భయపడేవాళ్ళ గుట్ట, ఇది గుర్తున్నది రాసేవాళ్ళ గుట్ట అని నాన్నకు వరసగా చూపించింది. మంచం చివర, తలగడ పక్కన ఇంకో గుట్ట ఉంది. మొదటినుంచి మొదలుపెట్టాల్సినవాళ్ళు. ఇరవై మంది దాకా ఉంటారు. పిచ్చుక రాసింది నాన్నకు చదివి వినిపించి, "ఏళ్ళ తరబడి మనం వెతుకుతున్న జబ్బేదో రోగే వచ్చి చెప్పిందండీ. ఈ గుట్టకు పొద్దున్న బడికి ముందు ఒక గంట నేను విడిగా చెబుతాను. అర్ధ సంవత్సర పరీక్షలనాటికి మిగతావాళ్ళతో కలిపేస్తాను" అంది.

ఆ గుట్టలో నా కాగితం కూడా ఉంది. నేను మూతి ముడుచుకున్నాను. అమ్మ నా గడ్డం పట్టుకుని, పిచ్చుక కూడా అందులోనే ఉంది, ఇద్దరూ కలిసి నేర్చుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు అంది. నాన్న గుట్టని చేతిలోకి తీసుకుని తూకం చూసినట్టు పైకీ కిందికీ ఆడించాడు. పెద్దసారు ఈ పరీక్ష సంగతి విని చాలా ముచ్చటపడ్డారు, ఒక్కసారి ఈ కాగితాలు చూడాలంటున్నారు అన్నాడు. అమ్మ సంబరపడిపోయింది. అంచులు సరిచేసి, దారం కట్టి, పైన ఒక చీటీ కూడా పెట్టింది, వీరికి అందరికంటే ఎక్కువ సమయం ఇవ్వాలి అని.

కాగితాలు తిరిగి రాలేదు. అమ్మ ఆ ధ్యాసలో లేదు, పొద్దుటి క్లాసు మొదలైపోయింది. నిద్ర మొహాలతో వచ్చేవాళ్ళం. కాగితాలు మడిచి, చింపి, మళ్ళీ అతికించి సగాలు, మూడోవంతులు చేసేవాళ్ళం. సగానికి మూడోవంతు ఎందుకు కలవదో, రెండిటినీ ఆరోవంతులుగా మార్చాక ఎందుకు కలుస్తుందో ఒకరోజు పిచ్చుకకు తట్టింది. బెంచీ మీదనుంచి లేచి నిలబడి, "ఇంతేనా? దీనికా నేను ఇన్నేళ్ళు ఏడ్చింది?" అంది. అందరం నవ్వాం. అదీ నవ్వింది.

ఆ తర్వాత పొద్దుటి క్లాసులో బెంచీలు ఖాళీ కావడం మొదలైంది. రోజుకొకరు, ఇద్దరు. అమ్మ జ్వరాలేమో అనుకుంది. ఆఫీసులో అడిగితే గుమాస్తా కనుక్కుని చెబుతానన్నాడు. పిల్లల్ని అడిగితే ఊరెళ్ళారట అన్నారు. ఒకరోజు పిచ్చుక కూడా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టుంది, తెల్ల బట్టల్లోనే ఉంది. నాన్న ఇంట్లో లేడు. అమ్మ కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు. సంచీలోంచి రెండు జిరాక్సు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మా అమ్మాయి చేతిరాతే కదా టీచర్?"

"అవును. ఇది మీ దగ్గరకెలా వచ్చింది?"

"ఆఫీసుకు పిలిచారు. మీ పిల్లే ఒప్పుకుంది చూడండి, ఆరో క్లాసు లెక్కలే రావని, అన్నారు. పదికి కూర్చోబెడితే తప్పుతుంది, మీకే తలవంపులు, వేరే ఎక్కడైనా తొమ్మిది మళ్ళీ చదివించుకోండి అన్నారు. సంతకం పెట్టమంటే పెట్టాను. టీసీ చేతిలో పెట్టారు."

"ఎవరు పిలిచారు?"

ఆమె అమ్మ వైపు వింతగా చూసింది. తెలియదా, తెలియనట్టు అడుగుతోందా అని తేల్చుకోవడానికి చూసినట్టుంది. "మీవారే" అంది.

అమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"నా డ్యూటీల గురించి రాసింది కదండీ, అది పెద్దసారుకు చదివి వినిపించారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కావాలని నైట్ డ్యూటీలు వేయించుకున్నట్టు చూశాడాయన" అని నర్సమ్మ కాగితాలు మడిచింది. సంచీలో పెట్టుకుంటూ అడిగింది. "నిజం రాయమని పిల్లలకు చెప్పింది మీరేనట. నిజమేనా?"

"నిజమే. నేనే చెప్పాను."

ఇంకేదో అంటుందనుకున్నాను. అమ్మ కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. నర్సమ్మ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నాన్న కూరగాయల సంచీతో వచ్చాడు. అమ్మ సంచీ అందుకుని, లోపల పెట్టి వచ్చి, నర్సమ్మ వచ్చి వెళ్ళిందని చెప్పింది. నాన్న బుకాయించలేదు. ఆ ఒక్కటీ ఆయన పక్షాన చెప్పాలి. కుర్చీలో కూర్చుని, తాను ఎప్పటినుంచో సిద్ధం చేసుకున్న పాఠంలాగా మొదలుపెట్టాడు. నువ్వు ఏడాది అడిగావు, ఇప్పించాను, ఊరికే ఇస్తారా అన్నాడు. ఇరవై మందిని నెత్తిన మోసుకుంటూ మిగతా ఎనభై మందిని ఒడ్డుకు చేర్చగలవా అన్నాడు. ఈసారి కూడా ఫలితాలు పోతే బడే ఉండదు, బడి లేకపోతే నీ దుప్పటి ఏ గోడకు తగిలిస్తావు అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఏదీ లేదు. అందుకే కాబోలు అమ్మ మధ్యలో అడ్డుపడలేదు. అన్నీ విని ఒకే ఒక్కటి అడిగింది.

"ఆ గుట్టలో మన పిల్ల కాగితం కూడా ఉంది. అదేమైంది?"

నాన్న లేచి సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"అది వేరే."

"ఎలా వేరే?"

"దానికి ఇంట్లో నువ్వున్నావు. నేర్పుకుంటావు."

"వాళ్ళకీ ఉన్నది నేనే కదండీ" అంది అమ్మ.

కుళాయి చాలాసేపు పారింది. ఆ రాత్రి వంట చేసుకున్నాం, తిన్నాం. ఎవరూ ఎవరిమీదా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మర్నాడు అమ్మ పెద్దసారును కలిసింది. ఆయన కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ పరీక్షను తెగ మెచ్చుకున్నాడట. ముప్ఫై ఏళ్ళుగా బళ్ళు నడుపుతున్నాను, ఎవరు తప్పుతారో పరీక్షలకు పది నెలల ముందే తేల్చి చేతిలో పెట్టినవాళ్ళు లేరమ్మా అన్నాడట. వచ్చే ఏడాదినుంచి ఏడో తరగతిలోనే పెడదాం, అప్పుడే ఏరేస్తే వాళ్ళకీ మనకీ సుఖం అన్నాడట. ఆ పిల్లల్ని వెనక్కి తీసుకోండి, బాధ్యత నాది అని అమ్మ అడిగింది. సంతకాలయిపోయాయి కదా అన్నాడు. టీ చల్లారిపోతోంది తాగండి అని కూడా అన్నాడు.

అమ్మ అక్కడినుంచి నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళి నా టీసీ అడిగింది.

గుమాస్తా బిత్తరపోయి నాన్నని పిలిచాడు. అప్పుడు నేను ఏదో రిజిస్టరు ఇవ్వడానికి అక్కడికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. నాన్న గొంతు తగ్గించి, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నాడు. అమ్మ గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు. "ఆ గుట్టలో ఉన్న పిల్లలందరికీ ఇస్తున్నారు కదా. మిగిలిపోయింది ఇదొక్కతే. దీనికీ ఇవ్వండి" అంది. టీసీల మీద సంతకం పెట్టాల్సింది నాన్నే. గుమాస్తా కాగితం రాసి ముందు పెట్టాడు. నాన్న దాన్ని పూర్తిగా చదివాడు, నా పేరు, పుట్టిన తేదీ, ప్రవర్తన సంతృప్తికరం, అన్నీ. సంతకం పెట్టి పెన్ను మూత పెట్టాడు.

"ఇప్పుడే ఇంటికెళ్తావా?" అని అడిగాడు.

"ఇంకా రెండు పీరియడ్లున్నాయి. చెప్పేసి వెళ్తాను" అంది అమ్మ.

ఆ రెండు పీరియడ్లూ చెప్పింది. తర్వాత రాజీనామా ఇచ్చి, సుద్దముక్కల డబ్బా పెట్టుకునే చేతిసంచీ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఇంటికి నడిచింది.

నన్నెవరూ అడగలేదు. ఇది అమ్మ గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళకి తట్టని సంగతి. నా స్నేహితులందరూ ఆ బడిలో ఉన్నారు, నా బెంచీ అక్కడుంది, పది పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. దారిలోనే ఏడుపు మొదలుపెట్టాను. నేనేం తప్పు చేశానని అడిగాను. "నువ్వేం చేయలేదు. పిచ్చుక కూడా ఏం చేయలేదు" అంది అమ్మ. అది నా ప్రశ్నకు జవాబు కాదని అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కొన్ని వారాలు నేను ఆవిడతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. నాన్నతోనూ మాట్లాడలేదు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. మీ నాన్నని స్నానం చేయమను. మీ అమ్మని తలుపు వేసుకోమను. తంతి ఆఫీసు ఉద్యోగమంటే ఇదేనేమో అనుకునేదాన్ని.

దుప్పటంత ప్లాను నాన్న చుట్టచుట్టి బడికి పట్టుకెళ్ళాడు. అమ్మ వద్దనలేదు. ఉన్న పిల్లలకైనా పనికొస్తుంది అనుకుందో, దాని మొహం చూడలేకపోయిందో తెలియదు. బల్ల ఖాళీ అయింది. మళ్ళీ ముగ్గురం బల్ల దగ్గర కూర్చుని తినడం మొదలుపెట్టాం. చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

అమ్మ ఆ ఇరవై ఇళ్ళకూ వెళ్ళింది. మా ఇంటి ముందు గదిలో చెబుతాను, ప్రైవేటుగా పది కట్టించే పూచీ నాది, పిల్లల్ని పంపండి అని బతిమాలింది. కొందరు తలుపు తీయలేదు. కొందరు తీసి, మీరు చేసిన మేలు చాలమ్మా అన్నారు. ఒకాయన తన కొడుకును అప్పటికే మెకానిక్ షెడ్డులో పెట్టేశాడు. నలుగురు వచ్చారు. నాతో అయిదుగురం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటోంది అని ఊళ్ళోవాళ్ళు అనుకుంటున్నారని నాన్న గోడతో చెప్పినట్టు చెప్పాడు.

నర్సమ్మ ఇంటికి అమ్మ రెండోసారి కూడా వెళ్ళింది. ఆ నలుగురిలో ఆఖరుగా పిచ్చుక వచ్చింది. దాన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది కానీ, వచ్చిన పిల్ల పిచ్చుక కాదు. వచ్చి ఒక మూల కూర్చునేది, పుస్తకం తెరిచేది, అమ్మ బోర్డు మీద రాసింది రాసినట్టు దించుకునేది. పక్కనున్న నాతో కూడా మాట్లాడేది కాదు. ఒకరోజు అమ్మ సమీకరణాలు చెబుతూ దాని పుస్తకం చూసింది. మూడో గీత దగ్గర లెక్క తప్పింది, అయినా కింద జవాబు సరిగ్గా ఉంది. నా పుస్తకంలోంచి ఎక్కించిందని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు.

అమ్మ దాని పక్కన చాప మీద కూర్చుంది. "ఎక్కడ అర్థం కాలేదో చెప్పు తల్లీ."

"అర్థమైంది టీచర్."

"ఈ గీత నుంచి ఈ గీతకు ఎలా వచ్చావు?"

"వచ్చింది టీచర్. అర్థమైంది."

"ఇక్కడ పెద్దసారు లేడు, మార్కుల్లేవు, ఎవరూ నిన్ను ఎక్కడికీ పంపరు. నాకు చెప్పు."

పిచ్చుక తలెత్తి అమ్మ కళ్ళలోకి చూసింది. కోపం లేదు, భయం లేదు. బస్సులో పక్క సీటు మనిషికి టైము చెప్పినంత మర్యాదగా, "అంతా అర్థమైంది టీచర్" అంది.

అమ్మ లేచి, మిగతావాళ్ళకు ఆ లెక్కనే మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పిచ్చుక ఆ నెలంతా వచ్చింది. రోజూ అన్నీ అర్థమయ్యేవి. తర్వాత రావడం మానేసింది. ఆసుపత్రి పక్కన మందుల కొట్లో సీసాలు తుడిచి సర్దే పనికి కుదిరిందని వాళ్ళ తమ్ముడు చెప్పాడు.

ఆ ఏడాది ఫలితాలు ఎలా వచ్చాయో ఇక్కడే చెప్పేస్తాను, వాటి కోసం కాచుకుని కూర్చోవాల్సిందేమీ లేదు. బడికి నూటికి నూరు శాతం వచ్చింది. లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు. నాన్నకు కుర్చీ వచ్చింది. పక్క వీధి బడివాళ్ళు ఆ ప్లాను నకలు కోసం మనిషిని పంపారట. మా అయిదుగురిలో నలుగురం రాశాం, ముగ్గురం గట్టెక్కాం. నాకు లెక్కల్లో అంతంతమాత్రం మార్కులు వచ్చాయి. అమ్మ ఆ మార్కులు చూసి బాగా చేశావు అంది. నిజంగానే అందో, పిచ్చుకలాగే అలా అనడం నేర్చుకుని అందో ఆవిడ ముఖంలో వెతికాను.

కానీ నామటుకు ఆ కాలం ముగిసింది ఫలితాలతో కాదు. అర్ధ సంవత్సర పరీక్షలకు కాస్త ముందు, ఒక సాయంత్రం, అమ్మ స్థానంలో చేరిన కొత్త లెక్కల మాస్టారు మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా, వినయంగా చెప్పులు బయట విడిచి వచ్చాడు. నాన్న ఆయన్ని భోజనాల బల్ల దగ్గర కూర్చోమని, అమ్మని పిలవమని నాకు చెప్పి తాను లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

మీ ప్లాను అద్భుతంగా నడుస్తోంది మేడమ్, పిల్లలు పరుగులు పెడుతున్నారు, ఇలాంటిది నేనెక్కడా చూడలేదు అన్నాడు మాస్టారు. మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత ఫోనులో తీసుకున్న ఆ దుప్పటి ఫొటో పెద్దది చేసి చూపించాడు.

"ఒక్కటే అర్థం కాలేదు మేడమ్. అర్ధ సంవత్సరానికి ముందు వారం పదో క్లాసు గడిలో ఏమీ రాయలేదు. అన్ని గళ్ళూ నిండాయి, ఇదొక్కటే ఖాళీ. ఏదైనా పాఠం రాయడం మరిచిపోయారా? సార్ని అడిగితే మిమ్మల్నే అడగమన్నారు."

అమ్మ ఆ గడిని కొద్దిసేపు చూసింది.

"మరిచిపోలేదు. పొద్దుటి క్లాసు పిల్లలు వచ్చి మీతో కలవడానికి ఆ వారం పెట్టాను. వాళ్ళు అందుకునేదాకా మిగతావాళ్ళు ఆగాలి కదా."

మాస్టారుకు తెలియదు. ఆయన వచ్చేసరికే బెంచీలు సర్దేశారు. "ఏ పిల్లలు మేడమ్?" అన్నాడు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. అమ్మ అటు చూడలేదు.

"ఇప్పుడు లేర్లెండి" అంది.

"అయితే ఆ వారంలో ఒక పరీక్ష పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోండి" అంది అమ్మ.

ఆయన థాంక్స్ చెప్పి, జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు. నన్ను టీ పెట్టమని చెప్పి, అమ్మ ముందు గదిలోకి వెళ్ళింది. అక్కడ చాప మీద ముగ్గురు పిల్లలు ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారు.